‘అండ్’కూ ‘ఆర్’కూ మధ్య గీత: ఎక్కడ పనికొస్తుంది, ఎక్కడ చిక్కు తెస్తుంది

అద్దె ఒప్పందాల్లో, బీమా పాలసీల్లో, ఉద్యోగ ప్రకటనల్లో, టెండరు షరతుల్లో తరచుగా కనిపించే ఇంగ్లీషు ప్రయోగం ‘అండ్/ఆర్’. మామూలుగా చదివేటప్పుడు కన్ను దాన్ని దాటేసి ముందుకు పోతుంది. గొడవ వచ్చిన రోజున మాత్రం ఇరుపక్షాలూ ఆ ఏటవాలు గీత దగ్గరే ఆగిపోతాయి. ‘అద్దెదారు రంగులు అండ్/ఆర్ ప్లంబింగ్ మరమ్మతులు చేయించి ఇల్లు అప్పగించాలి’ అని ఒప్పందంలో ఉందనుకుందాం. ఇల్లు ఖాళీ చేసేనాడు యజమాని రెండూ చేయించాలంటాడు, అద్దెదారు ఏదో ఒకటి చాలంటాడు. కాగితం చూస్తే ఇద్దరి మాటా నిజమే అనిపిస్తుంది.

ఈ ప్రయోగం ఇప్పుడు ‘మరియు/లేదా’ అనే రూపంలో తెలుగు పత్రాల్లోకి కూడా వచ్చేసింది. దీన్ని పూర్తిగా నిషేధించాలని కొందరు న్యాయమూర్తులు, భాషావేత్తలు అంటుంటే, దీనికి కచ్చితమైన అర్థం ఉందని ఒప్పందాల రచనలో నిపుణులైన మరికొందరు వాదిస్తున్నారు. ఇద్దరి మాటలోనూ సత్యం ఉంది. అది ఎంతవరకో తెలియాలంటే ముందుగా గీతకు అటూ ఇటూ ఉన్న రెండు పదాలను విడివిడిగా చూడాలి.

విడిగా చూస్తే రెండూ అంత సులువైనవి కావు

‘అండ్’ కలుపుతుంది, ‘ఆర్’ విడదీస్తుంది అని బడిలో నేర్చుకుంటాం. ఆ పాఠం సగమే నిజం.

‘ఇద్దరు డైరెక్టర్లు, అంటే ఏ అండ్ బి, చెక్కుల మీద సంతకం చేయవచ్చు’ అన్న తీర్మానాన్ని తీసుకుందాం. ప్రతి చెక్కు మీదా ఇద్దరి సంతకాలూ ఉండాలని దీని అర్థమా, లేక ఇద్దరికీ ఆ అధికారం ఉంది కనుక ఎవరు సంతకం చేసినా చెల్లుతుందా? వ్యాకరణం రెండింటికీ చోటిస్తుంది. కలిసికట్టుగా చేయడం, ఎవరికి వారుగా చేయడం అనే రెండు అర్థాలూ ‘అండ్’లో ఇమిడే ఉన్నాయి.

‘ఆర్’ పరిస్థితి ఇంకా ఆసక్తికరం. ‘కింది బెర్తు లేదా పై బెర్తు ఎంచుకోండి’ అన్నప్పుడు రెండూ దొరకవని అందరికీ తెలుసు. తర్కశాస్త్రంలో దీన్ని వ్యావర్తక వికల్పం అనవచ్చు, అంటే ఒకటి తీసుకుంటే రెండోది పోయినట్టే. ‘గుండెజబ్బు లేదా మధుమేహం ఉన్నవారు ఈ మందు వాడే ముందు డాక్టరును సంప్రదించాలి’ అన్నప్పుడు మాత్రం రెండు జబ్బులూ ఉన్న మనిషి ‘నాకు రెండూ ఉన్నాయి కాబట్టి ఈ హెచ్చరిక నాకు వర్తించదు’ అనుకోడు. ఇక్కడ ‘లేదా’ రెండింటినీ కలుపుకొనే ఉంది. ఇది సమావేశక వికల్పం. సాఫ్ట్‌వేర్ రంగంలో ఉన్నవారికి ఈ తేడా బాగా తెలుసు. ప్రోగ్రామింగ్ భాషల్లో ‘ఆర్’ ఎప్పుడూ రెండో రకమే. ‘ఏదో ఒకటే, రెండూ కాదు’ అని చెప్పాల్సి వస్తే అక్కడ ‘ఎక్స్‌ఆర్’ అనే వేరే గుర్తు వాడతారు.

మామూలు ఇంగ్లీషుకు అలాంటి రెండు వేర్వేరు గుర్తులు లేవు. ఒకే ‘ఆర్’ రెండు పనులూ చేస్తుంది, ఏ పని చేస్తోందో సందర్భాన్ని బట్టి పాఠకుడే గ్రహించాలి. నమ్మకం తక్కువగా ఉండే చోట, అంటే ఒప్పందాల్లో, ఆ గ్రహింపును పాఠకుడికి వదిలేయడానికి రాసేవారు జంకారు. గీత పుట్టింది ఆ జంకులోంచే.

గీత చెప్పదలచుకున్న అర్థం

‘ఏ అండ్/ఆర్ బి’ అంటే మూడు స్థితులు: ఏ ఒక్కటే, బి ఒక్కటే, రెండూ కలిసి. రెండూ లేని నాలుగో స్థితి మాత్రమే దీని పరిధిలోకి రాదు. ఇంతవరకు అస్పష్టత ఏమీ లేదు. నిజానికి ‘ఆర్’ కన్నా ఇదే కచ్చితంగా ఉంది, ఎందుకంటే ‘రెండూ కలిస్తే కుదరదేమో’ అనే అనుమానాన్ని ఇది తీసేస్తుంది.

అయితే మూడు స్థితులకు తలుపు తెరవడం ఒకటి, ఆ మూడింటిలో ఏది జరగాలో ఎవరు తేలుస్తారో చెప్పడం మరొకటి. గీత మొదటి పని చేసి రెండోదాన్ని పట్టించుకోదు. దీని చుట్టూ నడిచిన వివాదాల్లో చాలావాటికి మూలం ఇదే.

ఓడ సరుకు దగ్గర మొదలైన వాదం

ఈ ప్రయోగం పందొమ్మిదో శతాబ్దంలో ఇంగ్లండులో ఓడ వ్యాపారుల పత్రాల్లో స్థిరపడింది. దీనిపై వచ్చిన తొలి ప్రసిద్ధ తగాదా 1855 నాటి కత్‌బర్ట్ వర్సెస్ కమింగ్ కేసు. ఓడను అద్దెకు తీసుకున్న ఒప్పందంలో ‘చక్కెర, మొలాసిస్, అండ్/ఆర్ ఇతర చట్టబద్ధమైన ఉత్పత్తులతో’ ఓడను పూర్తిగా నింపాలని రాసి ఉంది. సరుకు వేసినవారు చక్కెర, మొలాసిస్ పెద్ద పీపాల్లో వేశారు. పీపాల మధ్య ఖాళీలు మిగిలాయి. ‘ఇతర ఉత్పత్తులతో ఆ ఖాళీలు నింపి ఉంటే నాకు ఇంకా కిరాయి వచ్చేది కదా’ అన్నది ఓడ యజమాని ఫిర్యాదు. చక్కెర, మొలాసిస్ వేయడంతో సరిపోతుందా, మూడో రకం సరుకు కూడా వేసి తీరాలా అన్న ప్రశ్న ఆ గీత మీదే ఆధారపడింది. కోర్టు సరుకు వేసినవారి పక్షాన నిలిచింది. ఏమేం వేయాలన్న ఎంపిక వారిదేనని, ఆ రేవులో వాడుకగా పీపాల్లో నింపే పద్ధతి చాలునని తేల్చింది.

ఓడల వ్యాపారంలో ఈ గీత ఎందుకు నిలదొక్కుకుందో ఈ కేసులోనే కనిపిస్తుంది. లండన్‌లో ఒప్పందం రాసుకునే నాటికి ఎక్కడో దూరపు రేవులో ఏ సరుకు ఎంత దొరుకుతుందో ఎవరికీ తెలియదు. కాబట్టి సరుకు వేసేవాడికి స్వేచ్ఛ కావాలి. ఎంచుకునే మనిషి ఎవరో కూడా స్పష్టం: సరుకు వేసేవాడే. ఈ రెండూ ఉన్నచోట గీత తన పని తాను చక్కగా చేసింది. అక్కడి నుంచి అది వీలునామాల్లోకి, నేరారోపణ పత్రాల్లోకి, ప్రభుత్వ నియమాల్లోకి పాకినప్పుడు ఎంచుకునే మనిషి జాడ లేకుండా పోయింది.

న్యాయమూర్తుల కోపం అక్కడే మొదలైంది. 1935లో అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్ర సుప్రీంకోర్టు ఒక బీమా కేసులో దీన్ని పేరు పెట్టడానికి వీల్లేని గందరగోళపు వస్తువనీ, రెండు ముఖాల వికృత రూపమనీ దుయ్యబట్టింది. తన ఉద్దేశాన్ని సరిగ్గా చెప్పలేనంత సోమరి, లేదా తన ఉద్దేశమేమిటో తనకే తెలియనంత మందబుద్ధి దీన్ని కనిపెట్టి ఉంటాడని కూడా అంది. 1944లో, అప్పట్లో అత్యున్నత అప్పీలు కోర్టు కూడా అయిన బ్రిటన్ ప్రభువుల సభలో లార్డ్ ఛాన్సలర్ సైమన్ దీన్ని అక్రమ సంతానపు సముచ్చయం (మాటలను కలిపే పదం) అన్న అర్థం వచ్చేలా తిట్టి, ఇది సరళ ఇంగ్లీషుకు వాణిజ్య కోర్టు ఇచ్చిన కానుకలా తయారైందని ఎద్దేవా చేశాడు. తీర్పుల భాష సాధారణంగా ఇంత ఘాటుగా ఉండదు. అయితే ఈ తిట్లన్నీ కేసు తేల్చాల్సిన బాధ్యత ఉన్నవారి నుంచి వచ్చాయన్న సంగతి గుర్తుంచుకోవాలి. రోజూ సజావుగా అమలైపోయే వేల ఒప్పందాలు వారి ముందుకు రావు.

ఎంపిక ఎవరిది?

ఈ ప్రయోగం ఎక్కడ పొసగుతుందో తెలుసుకోవడానికి ఒక్క ప్రశ్న దాదాపుగా సరిపోతుంది. మూడు స్థితుల్లో ఒకదాన్ని ఎంచుకునే హక్కు ఎవరికి ఉంది? ఆ ప్రశ్నతో వాక్యాలను పరీక్షిద్దాం.

అనుమతి ఇచ్చే వాక్యం: ‘అభ్యర్థి ఇంగ్లీషులో అండ్/ఆర్ తెలుగులో సమాధానాలు రాయవచ్చు.’ ఎంపిక అభ్యర్థిది, ఇబ్బంది లేదు. కొన్ని జవాబులు ఇంగ్లీషులో, కొన్ని తెలుగులో రాసినా తప్పు కాదని ఇక్కడ గీత అదనంగా చెబుతోంది. ఉత్త ‘ఆర్’ ఉండి ఉంటే, ఒక భాష ఎంచుకున్నాక చివరిదాకా అదే వాడాలా అన్న సందేహం నిజంగానే వచ్చేది. గీత నిజంగా అక్కరకొచ్చే చోటు ఇది.

నిషేధించే వాక్యం: ‘పరీక్ష హాలులోకి మొబైల్ ఫోన్ అండ్/ఆర్ స్మార్ట్ వాచ్ తీసుకురాకూడదు.’ ఇక్కడ గీత అనవసరం. ‘లేదు’, ‘కూడదు’ వంటి నిరాకరణ ముందున్నప్పుడు ఇంగ్లీషు ‘ఆర్’ వాటన్నిటికీ వర్తిస్తుంది: ఫోనూ వద్దు, వాచీ వద్దు, రెండూ వద్దు. ‘అండ్’ ఒక్కటే వాడితే మాత్రం కొంటె విద్యార్థి ‘రెండూ కలిపి తేకూడదన్నారు, నేను ఒక్క ఫోనే తెచ్చాను’ అని వాదించగలడు. సరైన పదం ‘ఆర్’ అని తేల్చుకోలేక భయంతో రెండూ రాసేయడమే ఈ వాక్యంలో జరిగింది. కార్యాలయాల ఇంగ్లీషులో కనిపించే గీతల్లో పెద్ద వాటా ఈ రకానిదే అని నా అభిప్రాయం.

బాధ్యత పెట్టే వాక్యం: ‘కాంట్రాక్టరు బ్యాంకు గ్యారంటీ అండ్/ఆర్ డిమాండ్ డ్రాఫ్టు సమర్పించాలి.’ ఎంపిక ఎవరిది? కాంట్రాక్టరు ‘నాది’ అంటాడు, ఒకటి ఇచ్చి ఊరుకుంటాడు. శాఖాధికారి ‘మాది’ అంటాడు, రెండూ అడుగుతాడు. వాక్యం ఇద్దరికీ సాయం చేయదు. రాసేవారి ఉద్దేశం మూడింటిలో ఒకటై ఉంటుంది: రెండూ ఇచ్చి తీరాలి, కాంట్రాక్టరు ఇష్టం వచ్చినది ఇవ్వవచ్చు, శాఖ అడిగినది ఇవ్వాలి. మొదటిదానికి ‘అండ్’ చాలు. రెండోదానికి ‘వీటిలో కనీసం ఒకటి’ అనాలి. మూడోదానికి ‘శాఖ లిఖితపూర్వకంగా కోరినదాన్ని, లేదా కోరితే రెండింటినీ’ అని విడమరచాలి. ‘చేయాలి’ అన్న క్రియ పక్కన గీత కనబడితే ఇక్కడ రాయాల్సిన మాటేదో మిగిలిపోయిందని అనుమానించవచ్చు.

దానం చేసే వాక్యం: ‘నా ఇంటిని నా కుమార్తెకు అండ్/ఆర్ నా కుమారుడికి ఇస్తున్నాను.’ ఇందులో చిక్కు మరీ పెద్దది, ఎందుకంటే ఎంపిక చేయగలిగిన మనిషి చనిపోయాడు. సగం సగమా? ఒకరికి మొత్తమా? ఒకరు ముందే పోతే మిగిలినవారికా? భారత వారసత్వ చట్టం, 1925లోని 89వ సెక్షన్ ప్రకారం నిశ్చితమైన ఉద్దేశాన్ని వ్యక్తం చేయని వీలునామా గానీ, అందులోని దానం గానీ అనిశ్చితి కారణంగా చెల్లదు. కోర్టులు వీలైనంతవరకు వీలునామాను నిలబెట్టడానికే చూస్తాయి. అలాగని రాసే మనిషి ఆ భారం కోర్టు మీద పెట్టనక్కర్లేదు.

నేరం మోపే వాక్యంలో గీత ప్రమాదకరం కూడా. అమెరికాలోని ఫ్లోరిడాలో జ్యూరీలకు ఇచ్చే సూచనల్లో ఇద్దరు నిందితుల పేర్ల మధ్య ‘అండ్/ఆర్’ పెట్టే అలవాటు ఉండేది. ‘ఏ అండ్/ఆర్ బి ఇంట్లోకి చొరబడ్డారని రుజువైతే’ అని జ్యూరీకి చెబితే, చొరబడింది బి ఒక్కడే అయినా ఏ దోషి అని తేల్చే వీలు అందులో ఉంటుంది. అప్పీళ్ల మీద అప్పీళ్లు వచ్చాక 2008లో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు ఇది తప్పే అంటూ, కేసులోని మిగతా సూచనలు, వాదనలు చూడకుండా ప్రతిసారీ తీర్పు కొట్టివేయాల్సినంత మూలదోషం మాత్రం కాదని చెప్పింది.

గీత లేకుండా అదే అర్థం: శిక్షల సెక్షన్లు

మూడు స్థితులనూ గీత లేకుండా చెప్పడం ఎలాగో మన శిక్షాస్మృతి 1860 నుంచే చూపిస్తూ వచ్చింది. 2024 జులై 1న దాని స్థానంలో అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత కూడా అదే పద్ధతిని కొనసాగించింది. మోసం నేరానికి సంబంధించిన 318వ సెక్షన్‌ను దగ్గరగా చూస్తే తేడా తెలుస్తుంది.

ఆ సెక్షన్ రెండో ఉపవిభాగం మామూలు మోసానికి శిక్ష చెబుతుంది: మూడేళ్ల వరకు జైలు, ‘ఆర్ విత్ ఫైన్, ఆర్ విత్ బోత్’. అంటే జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. నాలుగో ఉపవిభాగం మోసం చేసి ఆస్తిని అప్పగించేలా చేసినవారికి వర్తిస్తుంది: ఏడేళ్ల వరకు జైలు, ‘అండ్ షల్ ఆల్సో బి లయబుల్ టు ఫైన్’. ఇక్కడ ‘ఆర్’ లేదు. జైలు తప్పదు, దానికి తోడు జరిమానాకు కూడా బాధ్యుడే. మొదటి సందర్భంలో న్యాయమూర్తి జరిమానాతో వదిలేయగలరు, రెండో సందర్భంలో వదిలేయలేరు. ఒకే సెక్షన్‌లో ఒక చిన్న సముచ్చయ పదం మనిషి జైలుకు వెళ్లడమా, ఇంటికి వెళ్లడమా అన్నదాన్ని మార్చేస్తోంది. ఈ రెండు చోట్లా ‘అండ్/ఆర్’ రాసి ఉంటే ఆ తేడా చెరిగిపోయేది.

మొదటిదానిలో ఎంపిక ఎవరిదన్న ప్రశ్నకు కూడా జవాబు సిద్ధంగా ఉంది: శిక్ష విధించే కోర్టుది. చెక్ బౌన్స్ కేసుల్లో వాడే నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 138వ సెక్షన్‌దీ ఇదే నమూనా: రెండేళ్ల వరకు జైలు, లేదా చెక్కు మొత్తానికి రెండింతల వరకు జరిమానా, లేదా రెండూ.

ఇంత జాగ్రత్తగా రాసిన చట్టాల్లో కూడా అప్పుడప్పుడు పదం తారుమారవుతుంది. అప్పుడు కోర్టులు చట్టం ఉద్దేశాన్ని బట్టి ‘అండ్’ను ‘ఆర్’గా, ‘ఆర్’ను ‘అండ్’గా చదువుతాయి. 1957లో చమర్‌బాగ్‌వాలా కేసులో బహుమతి పోటీల నిర్వచనంలోని ‘ఆర్’ను మన సుప్రీంకోర్టు ‘అండ్’గా చదివింది. 1968లో ఈశ్వర్ సింగ్ బింద్రా కేసులో ఔషధాల నిర్వచనంలో ‘మందులు అండ్ పదార్థాలు’ అన్నచోట ‘అండ్’ను విడదీసే పదంగా తీసుకోవడమే సబబని చెప్పింది. ‘కోర్టులే ఎలాగూ సరిదిద్దుతాయి కదా, గీత పెడితే నష్టమేమిటి’ అనేవారు వీటిని ఉదాహరిస్తారు. కానీ ఆ సరిదిద్దుడు సుప్రీంకోర్టు దాకా వెళితే గానీ జరగలేదు.

చెక్కు మీద, జాయింట్ ఖాతాలో

బ్యాంకులు ఈ చిక్కును పదాలు ఎంచి పరిష్కరించుకున్నాయి. జాయింట్ ఖాతా తెరిచే ఫారంలో ‘జాయింట్లీ’, ‘ఎయిదర్ ఆర్ సర్వైవర్’, ‘ఫార్మర్ ఆర్ సర్వైవర్’ వంటి గళ్లు వేర్వేరుగా ఉంటాయి. మొదటిదానికి టిక్ పెడితే ప్రతి లావాదేవీకీ ఇద్దరి సంతకాలూ కావాలి. రెండోదానికి పెడితే ఎవరో ఒకరు చాలు, ఒకరు మరణిస్తే మిగిలినవారు ఖాతా నడపవచ్చు. మూడోదానిలో మొదటి పేరున్నవారు బతికి ఉన్నంతకాలం అధికారం వారొక్కరిదే. ‘అండ్/ఆర్’ అనే గడి లేకపోవడం యాదృచ్ఛికం కాదు, ఎందుకంటే కౌంటరులో కూర్చున్న ఉద్యోగి ఒక్క క్షణంలో డబ్బు ఇవ్వాలో వద్దో తేల్చుకోవాలి.

చెక్కు మీద పేరు రాసే గీత చివర ‘ఆర్ బేరర్’ అని అచ్చువేసి ఉంటుంది. ఆ ‘ఆర్’ ఉన్నంతసేపూ చెక్కు తెచ్చినవారెవరికైనా డబ్బు చెల్లించవచ్చు, కొట్టేస్తే అది ఆర్డర్ చెక్కు, అంటే పేరున్నవారికో వారు సూచించినవారికో మాత్రమే చెల్లించే చెక్కు, అయిపోతుంది. ఇద్దరి పేర చెక్కు రాసే విషయంలో నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 13వ సెక్షన్ రెండు దారులు చూపుతుంది: ఇద్దరికీ ఉమ్మడిగా, లేదా ఇద్దరిలో ఒకరికి ప్రత్యామ్నాయంగా. ఉమ్మడి అయితే ‘అండ్’, ప్రత్యామ్నాయమైతే ‘ఆర్’. ఆ రెండు దారుల్లో గీతకు చోటు లేదు.

మూడో అంశం చేరితే

రెండు అంశాలకు మూడు స్థితులే కాబట్టి బుర్రలో పట్టుకోవచ్చు. మూడు అంశాలైతే ఏడు స్థితులు, నాలుగైతే పదిహేను. అయినా అసలు చిక్కు లెక్కలో లేదు. ‘వైద్యం, మందులు అండ్/ఆర్ రవాణా ఖర్చులు పాలసీ కింద చెల్లిస్తాం’ అన్న వాక్యంలో గీత ఏ రెండింటి మధ్య ఉంది? మందులకూ రవాణాకూ మధ్యా, లేక ‘వైద్యం, మందులు’ అనే జంటకూ రవాణాకూ మధ్యా? మొదటి చదువులో ప్రతి ఖర్చూ విడిగా వస్తుంది. రెండో చదువులో వైద్యం, మందులు కలిసే రావాలి. బీమా పాలసీల్లో ఇలాంటి సందేహాన్ని మామూలుగా రాసిన కంపెనీకి వ్యతిరేకంగా, పాలసీదారుకు అనుకూలంగా తేలుస్తారు. కాబట్టి గీత వల్ల చివరికి నష్టపోయేది దాన్ని తెలివిగా పెట్టానని అనుకున్నవారే కావచ్చు. ‘కింది వాటిలో ఒకటి గానీ అంతకన్నా ఎక్కువ గానీ’ అని మొదలుపెట్టి వరుసగా రాస్తే ఈ సందేహమే రాదు.

సమర్థించేవారి మాట

ఒప్పందాల రచనపై విస్తృతంగా రాసిన అమెరికన్ నిపుణుడు కెన్నెత్ ఆడమ్స్ ఈ ప్రయోగాన్ని అర్థం లేనిదిగా కొట్టిపారేయడం సరికాదంటారు. ‘ఏ, లేదా బి, లేదా రెండూ’ అన్న నిర్దిష్టార్థం దీనికి ఉందని, అర్థం తెలిసి రాస్తే దోషం లేదని, చాలాచోట్ల దీన్ని ఆలోచన లేకుండా వాడటమే సమస్య అని ఆయన వాదన. చట్టపరమైన రచనలో ప్రామాణికుడిగా పేరున్న బ్రయన్ గార్నర్ మాత్రం అసలు వాడొద్దనే పక్షం. చాలా సందర్భాల్లో ‘ఆర్’ ఒక్కటే సరిపోతుందని, నిజంగా కావాల్సివస్తే ‘లేదా రెండూ’ అని చేర్చుకోవచ్చని ఆ పక్షం చెబుతుంది.

ఇద్దరూ గీతకున్న అర్థం విషయంలో పెద్దగా విభేదించడం లేదు. తేడా అంతా రాసేవారి మీద ఎంత నమ్మకం పెట్టుకోవచ్చన్న దానిలో ఉంది. స్థలం ఇరుకుగా ఉండే పట్టికల్లో, ఫారాల్లో, ‘అనుభవం: బోధన అండ్/ఆర్ పరిశోధన’ వంటి ఉద్యోగ ప్రకటనల్లో ఆడమ్స్ మాటే ఆచరణకు దగ్గరగా ఉంది. వ్యాసాల్లో, ఉత్తరాల్లో, కథనాల్లో గీత కంటికి అడ్డం పడటం తప్ప చేసే మేలు కనిపించదు. అక్కడ గార్నర్ పక్షానికే మొగ్గు చూపాలి. ‘వర్షం అండ్/ఆర్ గాలి వల్ల విద్యుత్ నిలిచిపోయింది’ అని వార్త రాస్తే చదివేవారికి ఒక్కటే అనిపిస్తుంది: విలేకరికి కారణం తెలియదు.

తెలుగులోకి వచ్చాక

తెలుగులో ‘మరియు/లేదా’కు గీత కన్నా ముందే ఒక ఇబ్బంది ఉంది. పాత కావ్యాల్లో ‘మఱియు’ అనే మాట ‘ఇంకా’, ‘అంతేకాక’ అన్న అర్థంలో కనిపిస్తుంది. రెండు నామవాచకాల మధ్య కూర్చోబెట్టి ‘తల్లి మరియు తండ్రి’ అనడం ఇంగ్లీషు వాక్యానికి నకలుగా ఆఫీసు భాషలో స్థిరపడింది. మన సహజ వాక్యం ‘తల్లీ తండ్రీ’ అని చివరి అచ్చును సాగదీసి పని ముగించుకుంటుంది. అయితే దస్తావేజులు రాసేవారి ఇబ్బందినీ కొట్టిపారేయలేం. సర్వే నంబర్లు, కంపెనీల పేర్లు, రెండేసి లైన్ల పొడవున్న పదబంధాలు వచ్చినప్పుడు ఎక్కడ అచ్చు సాగదీయాలో తెలియదు. అక్కడ ‘మరియు’ ఒక మేకులా పనికొస్తుంది.

గీత విషయానికి వస్తే తెలుగుకు దాని అవసరం ఇంగ్లీషుకన్నా తక్కువ. ‘తల్లి గానీ తండ్రి గానీ సంతకం చేయాలి’ అంటే ఒకరు చాలు. ‘తల్లీ తండ్రీ ఇద్దరూ సంతకం చేయాలి’ అంటే ఇద్దరూ తప్పనిసరి. ‘తల్లిదండ్రుల్లో కనీసం ఒకరు సంతకం చేయాలి’ అంటే గీత మోయాలనుకున్న అర్థం పూర్తిగా వచ్చేసింది, ఇద్దరూ చేసినా తప్పులేదు. ‘ఇద్దరిలో ఒకరు మాత్రమే’ అంటే రెండో సంతకానికి చోటు లేదు. శిక్షల వార్తలు రాసే విలేకరులు ‘జైలు లేదా జరిమానా లేదా రెండూ’ అని ఎప్పటి నుంచో రాస్తున్నారు, ఎవరికీ అది కృతకంగా తోచలేదు.

ప్రభుత్వ పత్రాలకూ సొంత దస్తావేజులకూ ఇక్కడ ఒక తేడా ఉంది. రాజ్యాంగంలోని 348వ అధికరణం ప్రకారం పార్లమెంటు మరోలా నిర్దేశించేదాకా చట్టాలకు, వాటి కింద జారీచేసే ఉత్తర్వులకు, నియమాలకు ప్రామాణిక పాఠం ఇంగ్లీషులో ఉండాలి. అందువల్ల తెలుగు నోటిఫికేషన్‌లో ‘మరియు/లేదా’ అర్థం కాకపోతే ఇంగ్లీషు ప్రతి తీసి చూసే దారి మిగిలి ఉంటుంది. సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో రిజిస్టర్ అయ్యే తెలుగు దస్తావేజుకు ఆ దారి లేదు, దాని వెనక మరో ప్రతి ఏదీ ఉండదు. ‘నా తరఫున నా అన్న మరియు/లేదా నా తమ్ముడు విక్రయ పత్రంపై సంతకం చేయుటకు’ అని జనరల్ పవర్ ఆఫ్ అటార్నీలో ఉంటే, అన్న ఒక్కడే వచ్చి సంతకం చేసిన రోజున కొనుగోలుదారు తరఫు వకీలు అభ్యంతరం చెప్పడానికి అవకాశం ఉంటుంది. రాయించే మనిషి విదేశంలో ఉంటే దాన్ని సవరించడానికి మళ్లీ అక్కడి భారత కాన్సులేట్ చుట్టూ తిరగాల్సి రావచ్చు. ఒకరి సంతకం చాలనుకుంటే ‘అన్న గానీ తమ్ముడు గానీ విడిగా సంతకం చేయవచ్చు, ఇద్దరూ కలిసి చేసినా చెల్లుతుంది’ అని రాయాలి. ఒకరి మీద నమ్మకం చాలకపోతే ‘ఇద్దరూ కలిసి సంతకం చేస్తేనే చెల్లుతుంది’ అని రాయాలి. ఈ రెండింటిలో ఏది కావాలో డాక్యుమెంట్ రైటర్ ఊహించలేడు, రాయించుకునే మనిషినే అడగాలి.